ఉన్నది ఉన్నట్టు రాయడం ఎలా: స్కూలు పిల్లల వర్ణనల కోసం

"ఆవు సాధు జంతువు." ఈ వాక్యం రాయకుండా బడి దాటినవాళ్ళు మనలో తక్కువ. దాని వెనకాల వచ్చేవి కూడా అందరికీ నోటికి వచ్చినవే: ఆవుకు నాలుగు కాళ్ళు, రెండు కొమ్ములు, ఒక తోక ఉంటాయి, ఆవు గడ్డి తింటుంది, పాలు ఇస్తుంది. ఇలా రాసుకొచ్చిన పిల్లల్ని నేను ఒక్కటే అడుగుతుంటాను, ఆవుకు పై దవడలో ముందుపళ్ళు ఎన్ని ఉంటాయి అని. ఒకరు ఆరంటారు, ఒకరు ఎనిమిదంటారు, కొంచెం జాగ్రత్తపరులైతే మనకున్నన్నే అంటారు. నిజానికి ఒక్కటి కూడా ఉండదు. పళ్ళు ఉండాల్సిన చోట గట్టి మెత్తలాంటి చిగురు ఉంటుంది. ఆవు నాలుకతో గడ్డిని చుట్టి నోట్లోకి లాక్కుని, కింది దవడ ముందుపళ్ళను ఆ చిగురుకు అదిమిపెట్టి, తల విదిలించి తెంపుకుంటుంది.

గడ్డి తింటుందని అందరూ రాశారు, ఎలా తింటుందో మాత్రం ఎవరూ చూడలేదు. వర్ణన రాయమంటే పిల్లలు తడబడేది ఎక్కువగా ఇక్కడే. భాష రాక ఆగిపోయేవాళ్ళను నేను తక్కువ చూశాను. చూడకుండా కూర్చుంటారు కాబట్టి ఇంతకుముందు ఎవరో రాసిందే గుర్తు తెచ్చుకుని మళ్ళీ రాస్తారు, అది ఇంకొకరు చూసి రాస్తారు, అలా ముప్పై నోటుపుస్తకాల్లో ఒకే ఆవు తిరుగుతుంటుంది. అందుకే కింద చెప్పేదాంట్లో చాలా భాగం చూడటం గురించే ఉంటుంది, వాక్యాల సంగతి తర్వాత.

ముందు మనం రాయబోయేది ఏ రకం రాతో తేల్చుకుందాం. తెలుగులో వర్ణన అనగానే మనసు కావ్యాల వైపు పోతుంది. పురం, సముద్రం, పర్వతం, చంద్రోదయం అంటూ అష్టాదశ వర్ణనలు లెక్కపెట్టుకున్న సాహిత్యం మనది, అందులో మేడలు మబ్బుల్ని తాకుతాయి, అక్కడ అదే అందం. అయితే అతిశయోక్తిని అలంకారమన్న ఆ పెద్దలే స్వభావోక్తి అని ఇంకో అలంకారాన్ని కూడా చెప్పారు. మీ వ్యాకరణ పాఠంలో ఉంటుంది చూడండి: జింక చెవులు నిక్కించి, బెదురుచూపులు చూస్తూ, చెంగున గెంతడాన్ని ఉన్నది ఉన్నట్టు చెప్పడం. ఏమీ కలపకుండా, ఉన్నదాన్ని సరిగ్గా చెప్తే అది కూడా ఒక అందమే అని వాళ్ళు ఒప్పుకున్నారు, ఆ సంగతి నాకు ఎప్పుడూ ధైర్యాన్నిస్తుంది. స్కూల్లో సైన్సుకో, సోషల్‌కో, ప్రాజెక్టుకో రాసే వర్ణన ఈ స్వభావోక్తికి దగ్గరి చుట్టం, కాకపోతే కొలతలు, లెక్కలు, సరైన పేర్లు అదనం.

పెన్ను పక్కన పెట్టి చూడండి

సామ్యూల్ స్కడర్ అని ఒకాయన, తర్వాతి కాలంలో కీటకాల మీద పెద్ద శాస్త్రవేత్త అయ్యాడు. పందొమ్మిదో శతాబ్దంలో కుర్రవాడిగా హార్వర్డ్‌లో లూయీ అగస్సీ అనే ప్రొఫెసర్ దగ్గర చదువుకోవడానికి చేరినప్పుడు, ఆ ప్రొఫెసర్ సీసాలో భద్రపరిచిన ఒక చేపను తీసి ముందు పెట్టి, దీన్ని చూస్తూ ఉండు అని చెప్పి వెళ్ళిపోయాడు. పది నిమిషాల్లో చూడాల్సిందంతా చూసేశాను అనుకున్నాడు స్కడర్. గంటలు గడిచాయి, ప్రొఫెసర్ రాలేదు, ఏమీ తోచక చివరికి ఆ చేప బొమ్మ గీయడం మొదలుపెట్టాడు, అప్పుడు గానీ అంతవరకు కనబడనివి కనబడటం మొదలుకాలేదు. ఆ చేపను మూడు రోజులు అలా చూస్తూనే ఉన్నాడు, ఇంకేదీ ముట్టుకోనివ్వలేదు. ఈ అనుభవాన్ని ఆయనే తర్వాత రాసిపెట్టాడు.

మీకు మూడు రోజులు అక్కర్లేదు, పదిహేను నిమిషాలు చాలు, కానీ ఆ పదిహేను నిమిషాలు నిజంగా చూడాలి. వర్ణించాల్సిన వస్తువును ముందు పెట్టుకోండి. ఒక తెల్లకాగితం మీద దాని బొమ్మ గీయండి. బొమ్మ బాగా రావాల్సిన పని లేదు, మీకు బొమ్మలు రాకపోతే ఇంకా మంచిది, ఎందుకంటే గీత గీసే ప్రతిచోటా "ఇది ఇక్కడ ఎలా అతుక్కుంది?" అని ఆగి చూడాల్సి వస్తుంది. చీమను గీయమని పిల్లలకి చెప్పి చూడండి, సగం మంది కాళ్ళను పొట్టకు తగిలిస్తారు. చీమ ఒంట్లో తల, వక్షం, ఉదరం అని మూడు భాగాలు, ఆరు కాళ్ళూ మధ్యభాగమైన వక్షానికే ఉంటాయి. పుస్తకంలో పదిసార్లు చదివినా గుర్తుండని ఈ విషయం ఒక్కసారి చూసి గీస్తే జీవితాంతం పోదు.

చూస్తున్నప్పుడు పూర్తి వాక్యాలు రాయొద్దు, ముక్కలు ముక్కలుగా రాసుకోండి: "పైన నున్నగా, కింద గరుకు", "మూడు మరలు, ఒకటి వదులు", "ఊపితే చప్పుడు". తిప్పి చూడండి, బోర్లించి చూడండి, వెలుతురుకు ఎత్తి పట్టుకోండి, తెరిచేదైతే తెరవండి. లెక్కపెట్టగలిగినవన్నీ లెక్కపెట్టండి. చేత్తో పట్టుకుంటే బరువెలా ఉంది, చల్లగా ఉందా, తడితే ఏం శబ్దం వస్తుంది, వాసన ఉందా. రుచి మాత్రం వద్దు, తినేదని ఖాయంగా తెలిస్తే తప్ప. జంతువైతే దూరం నుంచే చూడండి, అది ఏం చేస్తోందో చూడండి, ఎందుకంటే జంతువు గురించి దాని పనులు చెప్పినంతగా దాని రంగు చెప్పదు. పడుకున్న ఆవు లేచేటప్పుడు ముందు వెనక భాగాన్ని పైకెత్తుతుంది, ఆ తర్వాతే ముందుకాళ్ళ మీద లేస్తుంది. గుర్రం దీనికి సరిగ్గా తిరగేసి, ముందుకాళ్ళు చాపి లేస్తుంది. ఇలాంటి ఒక్క వాక్యం మీ వర్ణనలో ఉంటే, చదివే టీచరు అక్కడ ఆగుతారు.

స్కేలు చేతిలో లేనప్పుడు ఏం చేయాలి? మన భాషలోనే కొలతలున్నాయి: బెత్తెడు, జానెడు, మూరెడు, బారెడు. ఇవి మనిషికో రకంగా ఉంటాయి కాబట్టి నేరుగా రాయలేం, కానీ మీ జాన ఎన్ని సెంటీమీటర్లో, మీ చూపుడువేలి గోరు వెడల్పు ఎన్ని మిల్లీమీటర్లో ఇంట్లో ఒకసారి కొలిచి గుర్తుపెట్టుకుంటే, బయట ఎక్కడైనా దాదాపు సరైన కొలత చెప్పగలుగుతారు. ఎదిగే వయసు కదా, ఏడాదికోసారి మళ్ళీ కొలుచుకోండి. అలా అంచనాగా వచ్చిన అంకె ముందు "సుమారు" అని తప్పకుండా రాయండి. కొలిచిందేదో, అంచనా ఏదో చదివేవాళ్ళకి తెలియాలి.

ఏది వాస్తవం, ఏది మన అభిప్రాయం

మళ్ళీ మన "సాధు జంతువు" దగ్గరికి వద్దాం. ఆవు సాధువా కాదా అని ఇద్దరు వాదించుకుంటే ఎలా తేలుతుంది? తేలదు, ఒకరిని అది నాకి ఉంటుంది, ఒకరిని పొడిచి ఉంటుంది. అదే ఆవు కడుపులో ఎన్ని గదులున్నాయి అని వాదించుకుంటే తేలిపోతుంది, నాలుగు. నేను పిల్లలకి చెప్పే పరీక్ష ఇదే: చూసో, లెక్కపెట్టో, కొలిచో, నమ్మదగిన పుస్తకం తెరిచో తేల్చగలిగితే అది వాస్తవం కిందికి వస్తుంది. తేల్చలేకపోతే అభిప్రాయం.

అందమైన, అద్భుతమైన, ఉపయోగకరమైన, భయంకరమైన, ఎంతో, చాలా, ఎన్నో. ఈ మాటలు రాసిన చోటల్లా పెన్సిల్‌తో చిన్న గుండ్రం చుట్టండి. కొట్టేయమని చెప్పను, ఎందుకంటే ఆ మాట రాసినప్పుడు మీకు ఏదో కనిపించే ఉంటుంది. నెమలి అందంగా ఉంటుంది అని రాశారంటే ఏదో చూసే రాశారు. అదేంటో వెతికి దాన్ని రాయండి: మగ నెమలి పించం విప్పితే ఒక్కో ఈక చివర నీలం, ఆకుపచ్చ, గోధుమ రంగుల వలయాలతో కన్నులాంటి మచ్చ కనిపిస్తుంది, వెలుతురు పడే కోణం మారితే ఆ రంగులు కూడా మారినట్టు కనిపిస్తాయి. ఇప్పుడు "అందమైన" అనే మాట అక్కర్లేదు, చదివేవాళ్ళు దాన్ని వాళ్ళంతట వాళ్ళే అనుకుంటారు. "చాలా పెద్దది" కూడా అంతే. దేనితో పోలిస్తే పెద్దది? ఏనుగుతో పోలిస్తే ఆవు చిన్నదే.

ఇక్కడ ఒక చిక్కుంది, దీని దగ్గర తెలివైన పిల్లలు కూడా పడతారు. వాస్తవంలా కనిపించే తప్పులు ఉంటాయి. "ఒంటె మూపురంలో నీళ్ళు దాచుకుంటుంది", "గబ్బిలానికి కళ్ళు కనబడవు", "సాలెపురుగు ఒక కీటకం". మూడూ చూడ్డానికి నిక్కచ్చి వాక్యాలే, మూడూ తప్పే. ఒంటె మూపురంలో ఉండేది కొవ్వు. గబ్బిలాలు చూడగలవు, చాలా జాతులు చీకట్లో దారి తెలుసుకోవడానికి అదనంగా ప్రతిధ్వనుల్ని వాడుకుంటాయి. సాలెపురుగుకు ఎనిమిది కాళ్ళు, కీటకాలకు ఆరు, కాబట్టి పేరులో పురుగున్నా అది కీటకం కాదు. అందరూ అనుకునే మాటనే ముందు అనుమానించడం అలవాటు చేసుకోండి, ముఖ్యంగా చిన్నప్పటి నుంచి వింటున్న మాటల్ని.

ఇంకొన్ని ఒకప్పుడు నిజమై ఇప్పుడు మారినవి. పాత పుస్తకం తెరిస్తే సూర్యుడి చుట్టూ తొమ్మిది గ్రహాలుంటాయి, 2006లో అంతర్జాతీయ ఖగోళ సంఘం నిర్వచనం మార్చాక ప్లూటో మరుగుజ్జు గ్రహమైంది, గ్రహాలు ఎనిమిది. ఎవరెస్టు ఎత్తు చాలాకాలం 8,848 మీటర్లని చదువుకున్నాం, 2020లో నేపాల్, చైనా కలిసి 8,848.86 మీటర్లని ప్రకటించాయి. శని గ్రహానికి ఎన్ని ఉపగ్రహాలు అనేది మరీ తొందరగా మారే లెక్క, 2025 మార్చిలో ఒకేసారి 128 కొత్తవి చేరి 274 అయ్యాయి. మారే అవకాశమున్న అంకె పక్కన ఏ సంవత్సరం నాటిదో రాసేయండి. అప్పుడు రేపు ఆ అంకె మారినా మీ వాక్యం తప్పుకాదు.

ఉందా, ఉంటుందా

ఇది భాషకు సంబంధించిన సంగతి, కానీ నిజానికి ఆలోచనకు సంబంధించింది. తెలుగులో మనకు ఒక గొప్ప సౌకర్యం ఉంది, దాన్ని పిల్లలు పట్టించుకోరు. "ఈ చీమకు అయిదు కాళ్ళు ఉన్నాయి" అంటే నా ముందున్న ఈ ఒక్క చీమ సంగతి, పాపం ఎక్కడో ఒక కాలు పోగొట్టుకుంది. "చీమకు ఆరు కాళ్ళు ఉంటాయి" అంటే ప్రపంచంలో ఉన్న చీమలన్నిటి సంగతి. ఉంది, ఉన్నాయి అంటే చూసింది చెప్తున్నారు. ఉంటుంది, ఉంటాయి అంటే జాతి మొత్తానికి హామీ ఇస్తున్నారు. ఆ హామీ ఇచ్చే ముందు ఆగి ఆలోచించాలి.

"ఆవుకు మూపురం ఉంటుంది" అని రాస్తారు. మీరు చూసిన ఆవుకు ఉంది, నిజమే, మెడ కింద వేలాడే గంగడోలు కూడా ఉంది. కానీ మూపురం లేని ఆవుజాతులు ప్రపంచంలో చాలా ఉన్నాయి, పుట్టుకతోనే కొమ్ములు లేని జాతులూ ఉన్నాయి. కాబట్టి "కొన్ని జాతుల ఆవులకు మూపురం ఉంటుంది" అనండి, లేదా "నేను చూసిన ఆవుకు మూపురం ఉంది" అనండి. రెండూ సరైనవే. వర్ణన మొత్తం ఒకే ఆవు గురించా, ఆవుల గురించా అనేది మొదటి వాక్యంలోనే నిర్ణయించుకుని చివరిదాకా దానికే కట్టుబడి ఉంటే సగం తప్పులు రావు.

ఉంటుంది గురించి ఇంకో మాట. వర్ణన రాస్తుంటే వరసగా ఉంటుంది, ఉంటుంది, ఉంటాయి అని పది వాక్యాలు అలాగే ముగుస్తాయి, పైకి చదివితే దండోరా వేసినట్టు వినిపిస్తుంది. దీనికి మందు అవయవాన్ని దాని పనితో కలిపి చెప్పడం. "ఆవుకు తోక ఉంటుంది. తోక చివర కుచ్చు ఉంటుంది" అనే బదులు "చివర కుచ్చున్న తోకతో ఆవు ఈగల్ని తోలుకుంటుంది" అనండి. మూడు విషయాలు ఒక వాక్యంలోకి వచ్చాయి, పైగా తోక ఎందుకుందో కూడా తెలిసింది. అలాగే "గడ్డి ఆవు చేత తినబడును", "పాలు ఇవ్వబడును" లాంటి బడు వాక్యాలు వద్దు, ఎవరు చేస్తే వాళ్ళ పేరుతో సూటిగా చెప్పండి.

పారిభాషిక పదాలకు భయపడొద్దు, అలాగని వాటిని చల్లేయొద్దు కూడా. మొదటిసారి వాడినప్పుడు పక్కనే మామూలు మాటలో చెప్పండి: "చీమ తలమీద రెండు స్పర్శశృంగాలు, అంటే మీసాల్లా కదిలే అవయవాలు, ఉంటాయి. వాటితోనే అది వాసనను, తాకిడిని గ్రహిస్తుంది." తర్వాత నుంచి స్పర్శశృంగాలు అని వాడుకుంటూ పోవచ్చు, మళ్ళీ వివరించక్కర్లేదు.

ఏది ముందు, ఏది తర్వాత

మొదటి వాక్యం పని ఒక్కటే, ఇది ఏ గుంపులోదో చెప్పి, ఆ గుంపులో మిగతావాటి నుంచి ఎలా వేరో చెప్పడం. "గబ్బిలం ఎగరగలిగే క్షీరదం." అయిపోయింది. క్షీరదం అన్నాం కాబట్టి పక్షి కాదని తెలిసింది, పిల్లలకు పాలిస్తుందని తెలిసింది. ఎగరగలిగే అన్నాం కాబట్టి మిగతా క్షీరదాల నుంచి విడిపోయింది, నిజంగా రెక్కలాడిస్తూ ఎగిరే క్షీరదం అదొక్కటే. "గబ్బిలం అంటే అందరికీ తెలిసిందే" అని మొదలుపెడితే ఒక వాక్యం వృథా, పైగా అందరికీ తెలిస్తే మీరు రాయడం ఎందుకు?

ఆ తర్వాత మొత్తం ఆకారం, పరిమాణం, ఆ తర్వాత భాగాలు. భాగాల్లో ఏదో ఒక దారి పట్టుకోండి: పైనుంచి కిందికి, ముందునుంచి వెనక్కి, బయటినుంచి లోపలికి. ఏ దారైనా ఫర్వాలేదు, తల గురించి చెప్తూ తోకకు దూకి మళ్ళీ చెవుల దగ్గరికి రాకుంటే చాలు. చివర్లో అది ఎలా పనిచేస్తుంది, లేదా ఎలా బతుకుతుంది.

పిన్నీసును తీసుకుందాం. 1849లో వాల్టర్ హంట్ అనే అమెరికన్ దీని మీద పేటెంట్ తీసుకున్నాడు. రోజూ చూసే వస్తువే, అందుకే వర్ణించడం కష్టం. నేనైతే ఇలా రాస్తాను:

"పిన్నీసు గుడ్డల్ని కుట్టకుండా కలిపి ఉంచడానికి వాడే చిన్న లోహపు వస్తువు. నా దగ్గరున్నది 4 సెంటీమీటర్ల పొడవుంది. ఒకే తీగను మధ్యలో వంచి దీన్ని చేస్తారు. వంపు దగ్గర తీగ ఒక చుట్టు తిరిగి చిన్న ఉంగరంలా కనిపిస్తుంది. అక్కడినుంచి రెండు కొసలూ పక్కపక్కనే ఒకే వైపుకు సాగుతాయి. ఒక కొస సూదిలా మొనదేలి ఉంటుంది, రెండో కొసకు రేకుతో చేసిన చిన్న టోపీ బిగించి ఉంటుంది. మొనను నొక్కి టోపీలోకి దూర్చి వదిలితే, చుట్ట స్ప్రింగులా దాన్ని బయటివైపుకు నెడుతుంది, టోపీ అంచు దాన్ని ఆపుతుంది. ఈ రెండు బలాల మధ్య మొన కదలకుండా ఉండటం వల్ల అది దానంతట ఊడిరాదు, ఒంటికి గుచ్చుకోదు."

ఇందులో పెద్ద మాటలేవీ లేవు, "ఉపయోగకరమైన" అనే మాట కూడా లేదు. కానీ పిన్నీసును ఎప్పుడూ చూడని మనిషి దీన్ని చదివి ఇంచుమించు బొమ్మ గీయగలడు. "ఉంగరంలా", "సూదిలా", "టోపీ" అన్నవి పోలికలే, గమనించారా? వాస్తవ వర్ణనలో పోలిక వాడకూడదని ఎవరైనా అంటే నమ్మకండి. ఆకారాన్నో, పరిమాణాన్నో చూపించే పోలిక కొలత చేసే పనే చేస్తుంది. అగ్గిపుల్ల తలంత గుడ్డు అంటే ఎంతో తెలుస్తుంది. ముత్యంలా మెరిసే గుడ్డు అంటే మనకు నచ్చిందని మాత్రమే తెలుస్తుంది.

పెద్ద అంకెలకు పోలిక మరీ అవసరం. చంద్రుడి వ్యాసం సుమారు 3,474 కిలోమీటర్లు అని రాస్తే అది సరైనదే, కానీ ఎవరి మనసులోనూ ఏ బొమ్మా రాదు. భూమి వ్యాసంలో పావు వంతు కంటే కొంచెం ఎక్కువ అని పక్కన చేర్చండి. చంద్రుడు సగటున 3,84,400 కిలోమీటర్ల దూరంలో ఉన్నాడు, అంటే మధ్యలో దాదాపు ముప్పై భూముల్ని వరసగా పేర్చొచ్చు. ఈ లెక్కలు ఎక్కడో చూసి రాయక్కర్లేదు, భూమి వ్యాసం 12,742 కిలోమీటర్లు అని తెలిస్తే భాగహారం చేసి మీరే తేల్చుకోవచ్చు, అలా మీరే చేసిన లెక్క వర్ణనలో ఉంటే దానికి ఉండే విలువే వేరు. ఒక పేరాలో రెండు మూడు అంకెలు చాలు, అంతకంటే ఎక్కువైతే పట్టిక గీసేయండి.

చూడలేని వాటి గురించి, అంటే అగ్నిపర్వతం, గుండె, నీలి తిమింగలం లాంటి వాటి గురించి రాయాల్సి వస్తే పుస్తకాలే దిక్కు. పాఠ్యపుస్తకం, విజ్ఞాన సర్వస్వం, ఆ విషయం మీద పనిచేసే సంస్థల సమాచారం, వీటిలో కనీసం రెండు చోట్ల ఒకే అంకె కనిపిస్తే రాయండి. ఆ రెండూ ఒకదాన్నొకటి చూసి రాసుకున్నవి కాకుండా చూసుకోవాలి, ఇంటర్నెట్‌లో ఒకే పేరా అక్షరం మారకుండా చాలా చోట్ల కనిపిస్తుంటుంది, అది ఎన్ని చోట్ల ఉన్నా ఒక్కటే కింద లెక్క. చదివాక పుస్తకం మూసేసి, గుర్తున్నది మీ మాటల్లో రాసి, తర్వాత అంకెలు, పేర్లు మాత్రం తెరిచి సరిచూసుకోండి. పుస్తకం తెరిచి పెట్టుకుని రాస్తే ఎంత వద్దనుకున్నా వాళ్ళ వాక్యమే మీ చేతిలోంచి వస్తుంది.

పరీక్షలో అయితే ముందు వస్తువూ ఉండదు, పుస్తకమూ ఉండదు, టైమూ ఉండదు. టెన్షన్ పడకుండా మొదటి మూడు నిమిషాలు ప్రశ్నలు వేసుకోండి: ఏమిటి, ఎంత, ఎలా ఉంటుంది, దేనితో చేశారు, ఎక్కడ ఉంటుంది, ఏం చేస్తుంది. ఒక్కో ప్రశ్నకు వచ్చిన జవాబును ఒక్కో మాటలో పక్కన రాసుకుని, అప్పుడు మొదలుపెట్టండి. అంకె గుర్తులేకపోతే ఊహించి రాయొద్దు, అది లేకుండా రాసినా వర్ణన నిలబడుతుంది, తప్పు అంకెతో పడిపోతుంది.

చివరి పేరా గురించి పిల్లలు నన్ను ఎక్కువగా అడుగుతారు. "కాబట్టి మనమందరం ఆవును కాపాడుకోవాలి" అని రాయాలా అని. ప్రశ్నలో అడగకపోతే అక్కర్లేదు. అది మంచి మాటే, వేరే వ్యాసంలో రాయండి. వర్ణనలో చెప్పాల్సింది అయిపోయిన చోట ఆపేయొచ్చు.

ఇంకొకరి చేత బొమ్మ గీయించండి

రాసింది బాగుందో లేదో తెలుసుకోవడానికి ఇంతకంటే మంచి పద్ధతి నాకు ఇంతవరకు దొరకలేదు. వస్తువు పేరు కొట్టేసి, మీ వర్ణనను స్నేహితుడికి ఇచ్చి, దీన్ని చదివి బొమ్మ గీయమనండి. మీరు పక్కన కూర్చోండి, కానీ నోరు విప్పొద్దు. అది కష్టం, వాళ్ళు తప్పు గీస్తుంటే "అలా కాదురా" అనబోతారు, ఆపుకోండి. ఆ తప్పు వాళ్ళది కాదు, మీ కాగితంలో లేనిది వాళ్ళ బొమ్మలోకి ఎలా వస్తుంది?

ఒకసారి ఒక అబ్బాయి తాళంకప్ప గురించి రాశాడు. బాగా రాశాడు: నలుచదరం ఇత్తడి దిమ్మ, పైన వంచిన ఉక్కు కమ్మీ, పొడవు, వెడల్పు, బరువు, అన్నీ కొలిచి మరీ రాశాడు. రెండో అబ్బాయి దాన్ని చదివి చక్కగా గీసిచ్చాడు, తాళంచెవి దూర్చే రంధ్రం మాత్రం లేదు. అది కింద వైపు ఉంటుంది కాబట్టి, బల్ల మీద పెట్టి చూసినంతసేపూ రాసినవాడికి కనబడనేలేదు. తాళంకప్పకు ప్రాణమే ఆ రంధ్రం. వాడు ఏమీ అనకుండా తాళాన్ని బోర్లించి, స్కేలు తీసుకుని మళ్ళీ కూర్చున్నాడు. ఆ రెండోసారి రాసినదాంట్లో రంధ్రం ఆకారం, దాని చుట్టూ చెవి రాసుకుని పడ్డ గీతలు కూడా ఉన్నాయి.

ఇంట్లో రాయిస్తున్న అమ్మానాన్నలకు ఒక్క మాట. వాక్యాలు మీరు చెప్పి రాయించొద్దు, ఎంత అవసరమనిపించినా సరే. పిల్లలు చదివి వినిపిస్తున్నప్పుడు ప్రతి వాక్యం దగ్గరా "ఇది నీకెలా తెలుసు?" అని మాత్రం అడగండి. చూశాను, కొలిచాను, ఫలానా పుస్తకంలో చదివాను, ఈ మూడింట్లో ఏ జవాబు వచ్చినా ముందుకు పోనివ్వండి. "అంతే, అందరికీ తెలుసు" అన్నారంటే ఆ వాక్యం దగ్గర ఇద్దరూ కలిసి కాసేపు వెతకండి.

బొమ్మ చూసి దిద్దుకున్నాక శుభ్రంగా ఒక కాపీ రాసుకోండి. దాన్ని ఒకసారి అంకెల కోసమే చదవండి, మాటల్ని వదిలేసి. మిల్లీమీటరు రాయాల్సిన చోట సెంటీమీటరు పడిందా, సున్నా ఒకటి ఎగిరిపోయిందా, చిత్తుప్రతిలో ఉన్న "సుమారు" మధ్యలో ఎక్కడైనా జారిపోయిందా చూడండి. పక్కన భాగాల పేర్లతో మీరు మొదట గీసుకున్న బొమ్మ కూడా పెట్టండి, వంకరగా ఉన్నా సరే, బొమ్మలో ఉన్న ప్రతి పేరూ మీ వర్ణనలో కూడా అదే పేరుతో ఉండేలా చూసుకుని ఇచ్చేయండి.